అత్తిపత్తి పిల్లలు!

గట్టిగా ఒక్క మాటంటే చాలు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కొత్తవాళ్లను చూస్తే ముడుచుకుపోతారు. చొక్కా వెనకాల లేబుల్ గుచ్చుకున్నా విలవిల్లాడిపోతారు. 'ఇలాగైతే రేపు బతికేదెలా' అని పెద్దల బెంగ. అసలు మారాల్సింది పిల్లలా... మనమా?

పెళ్లి మండపం. డీజే మోత, వందలమంది జనం. పిల్లలంతా గెంతులేస్తున్నారు. ఆరేళ్ల బాబు మాత్రం రెండు చేతులతో చెవులు మూసుకుని అమ్మ కొంగు చాటున నక్కాడు. 'రారా, మామయ్య దగ్గరికి రా' అంటూ ఎవరో ఎత్తుకోబోతే ఏడుపు అందుకున్నాడు. 'ఏంటమ్మా, వీణ్ని మరీ ఇంత పిరికిగా పెంచావు' అంది వరసకు అత్తయ్య. తల్లి తల దించుకుంది.

నాలుగో తరగతి గది. వెనక బెంచీ పిల్లలు అల్లరి చేస్తుంటే టీచరు స్కేలుతో బల్లమీద కొట్టి కేకలేశారు. అల్లరి చేసినవాళ్లు అయిదు నిమిషాల్లో ఆ సంగతి మర్చిపోయారు. ముందు బెంచీలో నోరు మెదపకుండా కూర్చున్న పాప మాత్రం ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున్నే 'కడుపు నొప్పి... బడికి వెళ్లను' అంది.

వీధిలో ఓ కుక్కపిల్లకు దెబ్బ తగిలింది. ఎనిమిదేళ్ల పిల్లాడికి రెండు రోజులుగా అదే ధ్యాస. 'దానికి నొప్పి తగ్గిందా నాన్నా? రాత్రి వానలో ఎక్కడ పడుకుంది?' నాన్నకు విసుగొచ్చింది. 'మగపిల్లాడివి, ఇంత చిన్నదానికి ఏడుస్తావేంట్రా?'

ఇలాంటి పిల్లలు మన ఇళ్లలో, మన వీధిలో, దాదాపు ప్రతి తరగతి గదిలో కనిపిస్తారు. వాళ్లకు మనం పెట్టే పేర్లు చాలానే... పిరికి, మొండి, ఏడుపుగొట్టు, గారాబం ఎక్కువ! కొన్ని ఇళ్లలోనైతే 'జడుసుకున్నాడు' అని దిష్టి తీసి తాయెత్తు కడతారు. కానీ వాళ్లలో చాలామందికి సరిపోయే పేరు వేరే ఉంది... సున్నిత మనస్కులు. అత్తిపత్తి ఆకును ముట్టుకుంటే చటుక్కున ముడుచుకుంటుంది. అది దానికి జబ్బు చేసి కాదు, దాని తీరే అంత. కాసేపు వదిలేస్తే మళ్లీ తనంతట తానే విచ్చుకుంటుంది. ఈ పిల్లలూ అంతే!

జబ్బు కాదు... తత్వం

ఈ తీరును లోతుగా పరిశీలించి దానికో పేరు పెట్టినవారు అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎలైన్ అరాన్. 1996లో సున్నిత మనస్కులైన పెద్దల గురించి పుస్తకం రాశారు. మరుసటి ఏడాది భర్త ఆర్థర్ అరాన్‌తో కలిసి పరిశోధన పత్రం వెలువరించారు. 2002లో ప్రత్యేకంగా పిల్లల గురించే 'ది హైలీ సెన్సిటివ్ చైల్డ్' అన్న పుస్తకం తెచ్చారు. ఈ లక్షణానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు 'సెన్సరీ ప్రాసెసింగ్ సెన్సిటివిటీ'. అంటే చూసినదాన్నీ విన్నదాన్నీ తాకినదాన్నీ మెదడు మిగతావారికన్నా లోతుగా, వివరంగా తీసుకోవడం.

జనాభాలో నూటికి 15 నుంచి 20 మంది ఇలాంటివారు ఉంటారని అరాన్ అంచనా. ఆడపిల్లల్లో ఎంతమందో మగపిల్లల్లోనూ అంతమందే అంటారామె. 2018లో వెలువడిన అధ్యయనాలు దీన్ని మరికాస్త వివరంగా చెప్పాయి. నూటికి సుమారు 30 మందిలో సున్నితత్వం ఎక్కువ, 40 మందిలో మధ్యస్థం, మిగిలిన 30 మందిలో తక్కువ. అంటే ఇది ఉందా లేదా అని తేల్చే విషయం కాదు, ఎత్తూ లావూ లాగా ఒక్కొక్కరిలో ఒక్కో పాళ్లలో ఉంటుంది. ఏ లెక్క తీసుకున్నా, నలభైమంది కూర్చునే తరగతిలో కనీసం ఆరేడుగురు అత్తిపత్తి పిల్లలు ఉన్నట్టే.

ఇది పెంపకం లోపం కూడా కాదు. బ్రిటన్‌లో కవల పిల్లల మీద జరిపిన అధ్యయనం 2020లో వెలువడింది. మనుషుల మధ్య ఈ లక్షణంలో కనిపించే తేడాల్లో దాదాపు సగానికి జన్యువులే కారణమని తేలింది. అంతకుముందే, హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరోమ్ కేగన్ బృందం నాలుగు నెలల పసిపిల్లల ముందు రంగురంగుల బొమ్మలు ఊపి, రికార్డు చేసిన మాటలు వినిపించి, ఘాటు వాసన చూపించి పరిశీలించింది. అయిదుగురిలో ఒకరు కాళ్లూ చేతులూ గట్టిగా ఆడిస్తూ ఏడ్చారు. ఇంకా మాటలే రాని వయసులో! ఆ పిల్లల్లో చాలామంది తర్వాత కొత్తవాళ్ల ముందు బెరుగ్గా ఉండటం గమనించారు. కాబట్టి పెళ్లిలో తల దించుకున్న ఆ తల్లి తప్పేమీ లేదు.

ఎలా గుర్తుపట్టాలి?

సున్నితత్వం అంటే ఊరికే ఏడవడం ఒక్కటే కాదు. అరాన్ చెప్పేదాన్నిబట్టి ముఖ్యంగా నాలుగు లక్షణాలు కలిసి కనిపించాలి.

మొదటిది, లోతుగా ఆలోచించడం. వయసుకు మించిన ప్రశ్నలు వేస్తారు. 'తాతయ్య చనిపోయాక ఎక్కడున్నాడు? నువ్వూ వెళ్లిపోతావా?' అని అడుగుతారు. చిన్న నిర్ణయానికి కూడా చాలాసేపు తీసుకుంటారు. జారుడుబల్ల ఎక్కేముందు పదిమంది జారడం చూసిగానీ కదలరు.

రెండోది, తొందరగా అలసిపోవడం. మిక్సీ మోత, ప్రెషర్ కుక్కర్ విజిల్, దీపావళి టపాసులు, సంతలో జనం... ఇవన్నీ వాళ్ల బుర్రకు బరువే. రోజంతా సందడిగా గడిపితే రాత్రి నిద్ర పట్టదు. బడిలో బుద్ధిగా ఉండి, ఇంటికి రాగానే సాక్సు విప్పుతూ చిన్న విషయానికి పేచీ పెట్టడం దీనికి మంచి ఉదాహరణ. అది పొగరు కాదు. సాయంత్రానికి ఓపిక అడుగంటిందని అర్థం.

మూడోది, మనసు తొందరగా కరిగిపోవడం. సినిమాలో దూడ తల్లికి దూరమైతే వీళ్లు వెక్కివెక్కి ఏడుస్తారు. తమ్ముణ్ని తిడితే వీళ్లు బిక్కముఖం వేస్తారు. అమ్మా నాన్నా మాట్లాడుకోవడం లేదని ఎవరూ చెప్పకముందే కనిపెట్టేస్తారు.

నాలుగోది, చిన్న తేడాను కూడా పసిగట్టడం. సాంబారు పొడి మారిందని మొదటి ముద్దలోనే చెబుతారు. అమ్మ కొత్త గాజులు వేసుకుందన్నా, టీచరు ముఖం ఇవాళ వాడిపోయిందన్నా ముందుగా గమనించేది వీళ్లే. సాక్సు కుట్టు, చొక్కా లేబుల్, గరుకు లంగా ఒంటికి సహించవు.

ఇలాంటి పిల్లలంతా మౌనంగా ఓ మూల కూర్చుంటారనుకుంటే పొరపాటే. సున్నిత మనస్కుల్లో నూటికి ముప్ఫై మంది నలుగురితో కలిసిపోయే గలగలా మాట్లాడే రకమేనని అరాన్ అంటారు. వాళ్లకూ కాసేపు సందడి తర్వాత విశ్రాంతి కావాలి, అంతే.

గడ్డిచామంతి... ఆర్కిడ్

'సరే, పుట్టుకతో వచ్చిందే అనుకుందాం. లోకం మెత్తగా ఉండదు కదా! ఇప్పట్నుంచే గట్టిపడాలి.' చాలామంది తండ్రుల మాట ఇది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పరిశోధనలు చెబుతున్నది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

స్వీడన్‌లో డాండెలియన్ పిల్లలు అని ఓ మాట ఉంది. డాండెలియన్ అంటే మన గడ్డిచామంతి లాంటి మొక్క. రోడ్డు పక్కనైనా రాళ్ల సందునైనా బతికేస్తుంది. ఎక్కడ వేసినా తట్టుకునే పిల్లల్ని అక్కడ అలా పిలుస్తారు. ఆ మాటకు జోడీగా, అమెరికాకు చెందిన పిల్లల వైద్యుడు థామస్ బోయ్స్, మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ ఎల్లిస్ 2005లో 'ఆర్కిడ్ పిల్లలు' అన్న మాట తెచ్చారు. ఆర్కిడ్‌కు నీరు, నీడ, గాలి సరిగ్గా అమరకపోతే వాడిపోతుంది. అమరితే మాత్రం ఆ పువ్వు అందం చూసి తీరాల్సిందే.

సున్నితమైన పిల్లలు చెడు వాతావరణంలో మిగతావారికన్నా ఎక్కువ దెబ్బతింటారు. మంచి వాతావరణంలో మిగతావారికన్నా ఎక్కువ లాభపడతారు. అసలు సంగతంతా ఈ రెండో వాక్యంలోనే ఉంది. ఇంగ్లండ్‌లో ఓ పేద ప్రాంతపు బడిలో 11 ఏళ్ల బాలికలకు దిగులును తట్టుకునే పద్ధతులు నేర్పారు. మైఖేల్ ప్లూయెస్, ఇలోనా బోనివెల్ 2015లో ఆ ఫలితాలు ప్రకటించారు. సున్నితత్వం ఎక్కువగా ఉన్న అమ్మాయిల్లో కుంగుబాటు లక్షణాలు తగ్గాయి. తక్కువగా ఉన్నవారిలో అంత తేడా కనిపించలేదు. ఇటలీలో రెండు వేలమందికి పైగా పిల్లలతో, తోటివారిని ఏడిపించడాన్ని అరికట్టే కార్యక్రమం నడిపారు. 2018లో వెలువడిన ఆ ఫలితాల్లోనూ సున్నితత్వం ఎక్కువగా ఉన్న అబ్బాయిలకే ఎక్కువ మేలు జరిగింది.

అంటే, తిట్టు ఎంత లోతుగా దిగుతుందో మంచిమాట కూడా అంతే లోతుగా దిగుతుంది. మరి మనం ఏది దించుతున్నాం?

ఇంట్లో ఇలా...

ముందు పేర్లు పెట్టడం మానేయాలి. చుట్టాల ముందు 'మావాడు ఉత్త పిరికి' అంటే పిల్లాడు ఆ మాట విని ఊరుకోడు, నమ్ముతాడు. 'వాడికి కొత్తచోట అలవాటుపడటానికి కాస్త టైమ్ పడుతుంది అత్తయ్యా, తనే వస్తాడు' అంటే చాలు. పెద్దావిడను నొప్పించినట్టూ ఉండదు, పిల్లాడి పక్కన నిలబడినట్టూ ఉంటుంది.

ఏడుస్తున్న పిల్లాడితో 'ఏడుపు ఆపు' అనొద్దు. 'సౌండు ఎక్కువైంది కదా, చెవులు నొప్పెడుతున్నాయా?' అని అడగండి. తనకేం జరుగుతోందో తెలియకే సగం భయం. దానికో పేరు దొరికితే ఆ భయం తగ్గుతుంది. కాసేపటికి పిల్లాడు తనే 'అమ్మా, కాసేపు బయటికి వెళదాం' అని చెప్పడం నేర్చుకుంటాడు.

ముందుగా చెప్పడం మరో మంచి అలవాటు. 'రేపు పెళ్లికి వెళుతున్నాం. చాలామంది ఉంటారు. డీజే ఉంటుంది. నీకు ఇబ్బందయితే నా చెయ్యి నొక్కు, ఇద్దరం కాసేపు బయట కూర్చుందాం' అని ముందురోజే చెప్పి చూడండి. మండపానికి జనం నిండకముందే చేరుకుంటే ఇంకా మంచిది.

బడి నుంచి రాగానే హోమ్‌వర్కు, వెంటనే ట్యూషన్, ఆపైన సంగీతం క్లాసు... ఇలా ఊపిరాడకుండా చేయొద్దు. అరగంటో గంటో ఏమీ చేయకుండా ఉండనివ్వండి. డాబా మీద కూర్చున్నా, బొమ్మలు గీసుకున్నా, నానమ్మ ఒళ్లో పడుకున్నా సరే. 'బడిలో ఏం జరిగింది' అన్న ప్రశ్న కూడా ఆ తర్వాతే. పడుకునే వేళకు టీవీ, ఫోను కట్టేస్తే నిద్ర తొందరగా పడుతుంది.

తప్పు చేస్తే మందలించొద్దా? తప్పకుండా మందలించాలి. కాకపోతే ఈ పిల్లలకు గొంతు పెంచాల్సిన పనిలేదు. అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన గ్రజీనా కొచాన్‌స్కా 1990ల్లో చిన్నపిల్లల మీద చేసిన పరిశోధనలు ఈ విషయంలో కళ్లు తెరిపిస్తాయి. బెరుకు స్వభావం ఉన్న పిల్లల్లో, బెదిరించకుండా మెల్లగా చెప్పినప్పుడే మంచిచెడ్డల పట్టింపు బాగా నాటుకుంది. ఎందుకంటే, గట్టిగా అరిచినప్పుడు పిల్లాడి మనసంతా భయంతోనే నిండిపోతుంది. మనం చెప్పిన నీతికి అందులో చోటుండదు! పక్కన కూర్చోబెట్టుకుని, తక్కువ మాటల్లో, అందరి ముందూ కాకుండా చెబితే చాలు. చెప్పాక ఆ విషయం అక్కడితో వదిలేయాలి. వాళ్లు ఎలాగూ తమను తాము నాలుగుసార్లు తిట్టుకునే ఉంటారు.

అలాగని దాచేయొద్దు

ఇక్కడే కొందరు తల్లిదండ్రులు మరో పొరపాటు చేస్తారు. పాప భయపడుతోందని పెళ్లిళ్లకు తీసుకెళ్లరు, ఈత నేర్పరు, దుకాణానికి పంపరు. ఇది కూడా హానే. కేగన్ బృందం పరిశీలనలో, పసితనంలో తొందరగా బెదిరిపోయిన పిల్లల్ని ప్రతి ఇబ్బంది నుంచీ తప్పించిన తల్లులకన్నా, ప్రేమగానే ఉంటూ హద్దులు పెట్టి కొత్తవాటికి అలవాటు చేసిన తల్లుల పిల్లల్లో బెరుకు తగ్గింది.

దారి మధ్యలో ఉంది. ఈత నేర్పాలంటే మొదటిరోజు గట్టుమీద కూర్చుని చూడటం, రెండోరోజు కాళ్లు తడపడం, మూడోరోజు మెట్టు దిగడం. నీళ్లలోకి తోసేస్తే ఒక్కరోజులో నేర్చుకోడు, నీళ్లంటేనే హడలిపోతాడు. దుకాణానికి ముందు మీతో, తర్వాత మీరు గుమ్మంలో నిలబడి చూస్తుండగా, ఆపైన ఒంటరిగా. ఒక్కో మెట్టు దాటినప్పుడు 'నిన్న భయపడ్డావు, ఇవాళ చేశావు' అని గుర్తుచేయండి. పోలిక తనతోనే గానీ పక్కింటి పిల్లాడితో కాదు.

బడిలో ఇలా...

అసెంబ్లీలో మైకు మోత, కిక్కిరిసిన బస్సు, స్లిప్ టెస్టులు, అందరి ముందూ మార్కులు చదవడం, ర్యాంకులు... అత్తిపత్తి పిల్లలకు బడి ఓ పెద్ద పరీక్ష. జవాబు వచ్చి కూడా లేచి నిలబడగానే మర్చిపోతారు. వెనక ఎవరో నిలబడి చూస్తుంటే చెయ్యి వణుకుతుంది. దాంతో 'మందబుద్ధి' అన్న ముద్ర పడిపోతుంది.

టీచర్లు చేయగలిగినవి చిన్న పనులే. తలుపు పక్కన, ఫ్యాను శబ్దం ఎక్కువున్నచోట కాకుండా నెమ్మదిగా ఉన్నచోట కూర్చోబెట్టడం. ప్రశ్న అడిగి ఓ పది సెకన్లు ఆగడం. 'రేపు ఈ పద్యం నువ్వు చెప్పాలి' అని ముందురోజే చెప్పడం. ముందు పక్క పిల్లాడికి, తర్వాత నలుగురికి, ఆపైన తరగతికంతా చెప్పించడం. తప్పు ఉంటే నోటుపుస్తకంలో రాయడమో, పక్కకు పిలిచి చెప్పడమో చేయడం. ఒకరు తప్పు చేస్తే తరగతికంతటికీ శిక్ష వేసే అలవాటు మాత్రం మానుకోవాలి. తప్పు చేయని సున్నితమైన పిల్లలే ఆ శిక్షను అందరికన్నా ఎక్కువగా అనుభవిస్తారు. ఇది దయాదాక్షిణ్యాల సంగతి కూడా కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్ కింద, కొట్టడాన్నే కాదు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

అమ్మానాన్నలు కూడా పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించే కాకుండా ఈ సంగతీ మాట్లాడాలి. ఫిర్యాదులా కాదు. 'మా పాపను మెల్లగా చెబితే బాగా వింటుంది మేడమ్, గట్టిగా అంటే ఆరోజు ఇక ఏమీ చదవలేదు' అని చెబితే, వినే టీచర్లే ఎక్కువ.

ఇక హాస్టల్. మన దగ్గర ఆరో తరగతికో, పది అవగానే ఇంటర్‌కో పిల్లల్ని రెసిడెన్షియల్‌లో చేర్చడం మామూలైపోయింది. అందరికీ పడేది సున్నితమైన పిల్లలకూ పడుతుందనుకోవద్దు. చేర్చేముందు ఆ గదులు, భోజనశాల పిల్లలకు చూపించండి. ఫోనులో ఎప్పుడెప్పుడు మాట్లాడనిస్తారో కనుక్కోండి. డే స్కాలర్‌గా చదివే వీలుంటే ఆలోచించండి. చేరాక 'ఉండలేకపోతున్నాను' అంటే 'ఫీజు కట్టేశాం, సర్దుకో' అని ఫోను పెట్టేయొద్దు. ఆ మాట అనడానికి వాళ్లు ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటారో!

డాక్టరు ఎప్పుడు?

సున్నితత్వం జబ్బు కాదు, మందులు అక్కర్లేదు. అలాగని అన్నిటినీ దీని ఖాతాలోనే వేయకూడదు. పేరు పెట్టి పిలిచినా పలక్కపోవడం, కళ్లలోకి చూడకపోవడం, వయసుకు తగ్గ మాటలు రాకపోవడం, వచ్చిన మాటలు పోవడం... వీటిలో ఏది కనిపించినా పిల్లల వైద్యుణ్ని కలవాలి. అవి ఆటిజం లక్షణాలు కావచ్చు. వారాల తరబడి బడికి వెళ్లనని మొండికేయడం, తిండీ నిద్రా తగ్గడం, ఆటలమీద ఇష్టం పోవడం, చనిపోతానన్న మాట నోట రావడం కనిపిస్తే సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవడానికి ఆలస్యం చేయొద్దు. చావు మాట ఆటపట్టుకు అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన 'టెలీ మానస్' నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. సున్నితత్వం చిన్నప్పటి నుంచీ ఉండేది. నిన్నటిదాకా హుషారుగా ఉన్న పిల్లలు ఉన్నట్టుండి ముడుచుకుపోతే, ఫలానా మనిషిని చూసో ఫలానా చోటికి వెళ్లాలంటేనో వణికిపోతే, 'తత్వం' అని సరిపెట్టుకోవద్దు. ఎవరో బాధపెడుతున్నారేమో మెల్లగా అడిగి తెలుసుకోండి. చెప్పింది నమ్మండి. పిల్లల సహాయవాణి నంబరు 1098.

ఈ మాటలు వద్దు... ఇలా అందాం

'ఇంత చిన్నదానికే ఏడుస్తావా?' వద్దు. 'నీకు చాలా బాధేసింది కదూ!' అందాం.

'చూడు, వాళ్లంతా ఎంత ధైర్యంగా ఉన్నారో' వద్దు. 'నీకు ఎప్పుడు వెళ్లాలనిపిస్తే అప్పుడు వెళదాం. నేను ఇక్కడే ఉంటాను' అందాం.

'మగపిల్లాడివి ఏడవకూడదు' వద్దు. 'ఏడుపొస్తే ఏడువు. తర్వాత ఏం చేద్దామో ఇద్దరం ఆలోచిద్దాం' అందాం.

'నీతో పెద్ద తలనొప్పి' అసలే వద్దు. అంత పెద్దమాట మనం సాయంత్రానికి మర్చిపోతాం. వాళ్లు మాత్రం ఏళ్ల తరబడి మోస్తారు.

అమ్మకు తలనొప్పిగా ఉందని ఎవరూ చెప్పకుండానే టీవీ సౌండు తగ్గించేది ఈ పిల్లలే. కొత్తగా చేరిన పిల్లాడు ఒంటరిగా కూర్చుంటే డబ్బా పట్టుకుని పక్కకు వెళ్లి కూర్చునేది వీళ్లే. కుక్కపిల్ల రాత్రి వానలో ఎక్కడ పడుకుందని అడిగిన ఆ పిల్లాడి ప్రశ్నకు విసుక్కోకుండా, 'పద, చూసొద్దాం' అని నాన్న చెప్పులేసుకుంటే చాలు. గుమ్మం దాటేలోపే ఆ చిన్న ముఖం విచ్చుకోవడం మీరే చూస్తారు.